రెండో వరస

కావలి కాలేజీలో మాల్యాద్రి సారు
బోర్డు మీద నాలుగు వరసలు గీశాడు.
"అయితే" అనే మాటకు ఇంతే బతుకు అన్నాడు.
మొదటిది నిజం, రెండోది అబద్ధం,
మూడూ నాలుగూ మళ్లీ నిజమే.

మూడో వరస కాడ ఆగిపోయినా.
షరతే జరగనప్పుడు
మాట ఎట్టా నిజమవుద్ది?
"అత్తకు మీసాలొస్తే మామ అంటారే,
అది కూడా నిజమేనా సార్?"
"నిజమే. కూచో."
క్లాసంతా నవ్వింది. కూచున్నా,
ఒప్పుకోలా.

మొదటి రుజువు రాసుకురమ్మన్నాడు:
రెండు సరిసంఖ్యలు కూడితే సరిసంఖ్యే రావాల.
రెండూ నాలుగూ ఆరు,
ఎనిమిదీ పన్నెండూ ఇరవై,
పేజీ నిండా కూడికలే రాసి
అడుగున "స్పష్టమే" అని గీత కొట్టినా.
ఎర్రసిరాతో ఒకే ఒక్క మాట వచ్చింది:
ఎందుకు?

సున్నా వేసినా అంత గుచ్చుకునేది కాదు.
"ఇవన్నీ నువ్వు ఏరుకున్నవమ్మా," అన్నాడు సారు,
"ఏరుకోనివాటి సంగతేంది?"

ఇసకపల్లిలో మా రొయ్యల గుంట.
రాత్రి కాపలా నాయనది,
షెడ్డులో బల్బు కింద చదువు నాది.
ఏరియేటర్లు నీళ్లను చిలుకుతా ఉంటే
ఉప్పుగాలికి నోట్సు పేజీలు మెత్తబడేవి.

"కరెంటు పోతే జనరేటరు
దానంతటదే అందుకుంటది,
దస్తగిరి చెప్పినాడు" అనేవాడు నాయన,
పండుకునే ముందు కండవా దులిపినట్టు
రోజూ ఒకసారి.
గూడూరులో కొన్న పాత జనరేటరు,
దస్తగిరి చేత్తో బాగుపడింది.
"నలభై మూడు రాత్రులు. ఒక్కనాడన్నా తప్పిందా?"

తప్పలా.
కొత్త ఫీడరు. నలభై మూడు రాత్రుల్లో
కరెంటు ఒక్కసారీ పోలా.

నలభై నాలుగో రాత్రి, రెండుంబావు.
బల్బు ఆరింది.
నీళ్ల చప్పుడు నిలిచిపోయినాక
అవతల సముద్రం వినపడింది.
అన్నాళ్లూ అది అక్కడే ఉన్నట్టు
మర్చేపోయినా.

ఒకటి, రెండు, మూడు... పది లెక్కబెట్టినా.
జనరేటరు పలకలా.
సారు నేర్పిన తిరగేత గుర్తొచ్చింది:
జనరేటరు ఆడలేదంటే
కరెంటు పోలేదనే అర్థం.
చీకట్లో నిలబడి
కరెంటు ఉందని రుజువు చేస్తా ఉండా నేను.
పిచ్చి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది,
ఆలోపే నాయన గెడకర్ర చేతికిచ్చినాడు.

కొట్టినాం. గట్టెమ్మటే పరిగెత్తతా
నీళ్లను కర్రలతో కొట్టినాం.
ఉన్న ఆక్సిజన్ బిళ్లలన్నీ చల్లినాం.
టార్చి వేస్తే అంచు పొడుగునా ఎర్రటి కళ్లు,
గాలికోసం పైకి తేలిన వనామి,
మిణుకు మిణుకుమంటా.
దస్తగిరి ఫోను మోగతానే ఉంది.

నాలుక్కి ఐదు నిమిషాలుందనగా కరెంటొచ్చింది.
ఎన్ని పోయినాయో లెక్కబెట్టలా.
తెల్లారి బుట్టలతో ఎత్తినాం.

దస్తగిరి వచ్చి తల దించుకుని నిలబడితే
నాయన తిట్టలా.
"మొన్నటిదాకా నువ్వు చెప్పింది నిజమేలే అబ్బయ్యా"
అన్నాడంతే.

నా చేతిలో బుట్ట ఆగిపోయింది.
నిజమే. నలభై మూడు రాత్రులూ నిజమే.
మూడో వరసా నాలుగో వరసా
నాయన నోట్లోంచి వచ్చినాయి,
బడి మెట్టెక్కని మా నాయన నోట్లోంచి.
నిన్న రాత్రి ఒక్కటే రెండో వరస.

ఆ పొద్దున బస్సులో నిద్రపోలా.
చేతులకు నీచు వాసన, ఒళ్లో కాగితం.
ఏవైనా రెండు సరిసంఖ్యలు.
నేను ఏరుకోను, ఎవరిచ్చినా సరే,
పగోడు ఇచ్చినా సరే.
ఒకదాన్ని రెండు కలు అనుకుందాం,
ఇంకోదాన్ని రెండు చలు...
అల్లూరు దాటేసరికి నాలుగు వాక్యాలైనాయి.

మూడో వాక్యం పక్కన మళ్లీ ఎర్రసిరా:
ఎందుకు?
ఈసారి పేజీ తిప్పి
ఆడనే నిలబడి రాయబోయినా.

ఇప్పుడు రోజూ పొద్దుగూకే యాళకి
నాయన మెయిన్ స్విచ్ తానే దించుతాడు.
ఏరియేటర్లు ఆగుతాయి.
చెవొగ్గి నిలబడతాడు.
నేను లెక్కబెడతా:
ఒకటి, రెండు, మూడు...
సముద్రం వినపడతా ఉంటది.